కరచాలనం చేదైంది, కాసులు కాలేదు

2025 సెప్టెంబరు 28 రాత్రి దుబాయి క్రికెట్ మైదానంలో ఆట ముగిసి గంట దాటినా బహుమతి ప్రదానం మొదలు కాలేదు. హైదరాబాదు కుర్రవాడు తిలక్ వర్మ 53 బంతుల్లో 69 పరుగులు చేసి, చివరి దాకా అజేయంగా నిలిచి, ఆసియా కప్పును గెలిపించాడు. కప్పు మాత్రం జట్టు చేతికి రాలేదు. దానిని అందించవలసిన ఆసియా క్రికెట్ మండలి అధ్యక్షుడు మొహ్సిన్ నఖ్వీ పాకిస్తాన్ క్రికెట్ బోర్డుకూ అధ్యక్షుడే. అంతకు మించి ఆ దేశపు ఆంతరంగిక వ్యవహారాల మంత్రి. ఆయన చేతి మీదుగా పుచ్చుకోబోమని భారత జట్టు చెప్పింది. ఆయన వేదిక దిగనన్నాడు. చివరకు కప్పును లోపలికి మోసుకుపోయారు. గెలిచినవారు లేని కప్పును ఉన్నట్టుగా పైకెత్తి ఛాయాచిత్రాలు తీయించుకున్నారు.

ఈ ప్రహసనానికి రెండు వారాల ముందే, సెప్టెంబరు 14న, అదే మైదానంలో నాంది జరిగింది. టాస్ వేళ నాయకులిద్దరూ చేతులు కలపలేదు. గెలుపు పరుగులు తీసిన సూర్యకుమార్ యాదవ్, శివమ్ దూబే వెనుదిరిగి చూడకుండా లోపలికి నడిచారు. ఎదురు చూసిన పాకిస్తాన్ ఆటగాళ్లు తిరిగి వెళ్లిపోయారు. అలిగిన పాకిస్తాన్ బోర్డు మ్యాచ్ రిఫరీ ఆండీ పైక్రాఫ్ట్‌ను తప్పించాలని పట్టుబట్టి, 17న యు.ఎ.ఇ.తో జరగవలసిన ఆటను గంటసేపు ఆలస్యం చేసింది. 21న రెండో పోరులో ఆ జట్టు బౌలర్ హారిస్ రవూఫ్ విమానాలు కూలుతున్నట్టు చేతులు తిప్పాడు. సాహిబ్‌జాదా ఫర్హాన్ అర్ధ శతకం పూర్తి చేసి బ్యాటును తుపాకిలా గురిపెట్టాడు. ఆ ఏప్రిల్ 22న పహల్గాంలో ఇరవై ఆరు మందిని తుపాకులతోనే కాల్చి చంపారన్న స్పృహ ఆ చేష్టలో కనబడలేదు. ఫైనల్ ముగిసిన కాసేపటికి భారత ప్రధాని సైతం ఆ గెలుపును సైనిక చర్యతో పోలుస్తూ సందేశం పెట్టారు. ఇరవై రెండు మంది ఆడిన ఆటకు యుద్ధంతో పోలిక కట్టడంలో రెండు రాజధానులకూ ఏకాభిప్రాయం కుదిరింది. వేరే ఏ విషయంలోనూ ఇటీవల అంతటి ఏకాభిప్రాయం కుదరలేదు.

పహల్గాం మృతుల కోసమే చేతులు కలపలేదని భారత పక్షం చెప్పుకుంది. ఆ దుఃఖాన్ని శంకించే హక్కు ఎవరికీ లేదు. అయితే పహల్గాంలో భర్తను కోల్పోయిన ఒక యువతి ఆ ఆటకు ముందే ఒక మాట అడిగింది: అసలు ఆడకండి, జనం చూడకండి అని. చేయి కలపకుండా ఆడమని ఆమె అడగలేదు. ఆమె కోరినది బహిష్కరణ. బోర్డు ఇచ్చినది అభినయం. బహిష్కరణ అసాధ్యమూ కాదు. అదే ఏడాది జూలైలో ఇంగ్లండులో జరిగిన విశ్రాంత క్రికెటర్ల పోటీలో భారత మాజీలు పాకిస్తాన్‌తో ఆడేది లేదని తప్పుకున్నారు. సెమీ ఫైనల్లో మళ్లీ అదే జట్టు ఎదురైతే ఆ ఆటనూ, ఫైనల్ అవకాశాన్నీ వదులుకున్నారు. ఆ నిర్ణయంతో ఏకీభవించనివారు కూడా అందులో ఒక నిలకడ ఉందని ఒప్పుకోవలసిందే. వయసు మీరినవారు వదులుకోగలిగిన దానిని ప్రపంచంలోకెల్లా సంపన్నమైన క్రికెట్ బోర్డు ఎందుకు వదులుకోలేకపోయింది?

జవాబు ఆగస్టు 21న కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ ప్రకటించిన విధానంలోనే ఉంది. పాకిస్తాన్‌తో ద్వైపాక్షిక పోటీలు ఏ దేశంలోనూ ఉండవు. బహుళ దేశాల పోటీలకు అభ్యంతరం లేదు. వినడానికి దౌత్యనీతిలా ఉంటుంది. ఆచరణలో దాని అర్థం వేరు. ద్వైపాక్షిక సిరీస్ 2012-13 శీతకాలం తరువాత జరగనే లేదు; కనుక నిషేధించినది లేనిదానిని. డబ్బు కురిసేది బహుళ దేశాల పోటీల్లో. కనుక అనుమతించినది ఉన్నదానిని. 2013 ఛాంపియన్స్ ట్రోఫీ మొదలు అంతర్జాతీయ క్రికెట్ మండలి నిర్వహించిన పోటీల్లో రెండు జట్లూ కలిసి పాల్గొన్న ప్రతిసారీ వాటిని ఒకే గ్రూపులో వేయడం ఆనవాయితీ అయింది. చీటీ తీసినా నాణెం ఎగరేసినా ఇన్నిసార్లు ఒకే ఫలితం రాదు. ప్రసార హక్కులు కొన్నవారికి ఆ ఒక్క ఆట ఖాయంగా కావాలి. ఆసియా కప్పులోనైతే మూడుసార్లు తలపడే వీలు ఉండేలా పట్టిక కూర్చారు; మూడుసార్లూ తలపడ్డారు. ప్రతిసారీ ప్రకటనల సెకన్లు అమ్ముడుపోయాయి. చేతులు మాత్రం వెనక్కి పోయాయి.

ఆడకపోవడానికి ఒక నీతి ఉంది. ఆడి, ఆట మర్యాదను పాటించడానికీ ఒక నీతి ఉంది. ఆడి, రాబడి మూటగట్టుకుని, అర నిమిషం పట్టే మర్యాద దగ్గర మాత్రం దేశభక్తి గుర్తు తెచ్చుకోవడానికి ఏ నీతీ లేదు. పెళ్లికి వెళ్లి, పంక్తిలో కూర్చుని, మారు వడ్డించుకుని, తాంబూలం దగ్గర అలిగి లేచిపోయినవాడిని ఊళ్లో ఏమంటారో తెలుగువారికి చెప్పనక్కర లేదు.

చరిత్ర ఇంతకంటే కఠినమైన పరీక్ష పెట్టిన రోజులున్నాయి. 1999 జూన్ 8న మాంచెస్టర్‌లో ప్రపంచ కప్పు పోటీలో భారత్, పాకిస్తాన్ తలపడ్డాయి. ఆ రోజు కార్గిల్ కొండల మీద భారత సైనికులు ప్రాణాలొడ్డి పోరాడుతున్నారు. అది యుద్ధం ముగిసిన నాలుగు నెలలకు జరిగిన ఆట కాదు, యుద్ధం నడుమ జరిగిన ఆట. భారత జట్టు నాయకుడు హైదరాబాదులో ఉర్దూ మాట్లాడే ఇంట్లో పుట్టిన మహమ్మద్ అజహరుద్దీన్. వెంకటేశ్ ప్రసాద్ అయిదు వికెట్లు తీశాడు, భారత్ 47 పరుగులతో గెలిచింది, ఆటగాళ్లు చేతులు కలుపుకుని మైదానం విడిచారు. (అజహర్ మీద ఆ మరుసటి ఏడాది పడిన మ్యాచ్ ఫిక్సింగ్ మచ్చ వేరే కథ, ఆనాటి నాయకత్వంలో లోపమేమీ లేదు.) ఆ కరచాలనం వల్ల కార్గిల్‌లో ఒక్క సైనికుడి మనోబలమైనా తగ్గినట్టు ఎవరూ రాయలేదు. ఆ నెలలోనూ, జూలైలోనూ, ఒక్కొక్క శిఖరమే తిరిగి చేతికి వచ్చింది.

ఇక్కడ ఎదుటి పక్షానికి న్యాయం చేయాలి. ఆట శాంతిని తెస్తుందన్న పాత నమ్మకానికి రుజువులు లేవు. 1999 జనవరి 31న చెన్నై చెపాక్‌లో సచిన్ తెందూల్కర్ 136 పరుగులు చేసినా భారత్ 12 పరుగుల తేడాతో ఓడింది. ప్రేక్షకులు లేచి నిలబడి వసీం అక్రం జట్టుకు చప్పట్లు కొట్టారు. కొద్ది నెలలకే కార్గిల్ వచ్చింది. 2004లో పాకిస్తాన్ నగరాలు భారత జట్టునూ అభిమానులనూ ఆదరించాయి. నాలుగేళ్లకు ముంబయి మీద దాడి జరిగింది. చప్పట్లు చొరబాట్లను ఆపవు. క్రికెట్ దౌత్యం పేరిట దశాబ్దాలుగా సాగిన తీపి మాటలకు ఈ వాస్తవం ముందు జవాబు లేదు. కానీ చెపాక్ ప్రేక్షకులు శాంతి ఒప్పందం కోసం లేచి నిలబడలేదు. మంచి ఆటను మంచి ఆట అనగలిగే తమ గుణాన్ని చాటుకున్నారు. ఆ గుణం వారిది. ఇస్లామాబాదు ప్రవర్తనను బట్టి దానిని తాకట్టు పెట్టవలసిన పని లేదు.

కెమెరాలు తక్కువగా ఉన్నచోట ఆ గుణం ఇప్పటికీ బతికే ఉంది. 2025 అక్టోబరులో మలేషియాలో జరిగిన సుల్తాన్ ఆఫ్ జోహోర్ కప్పు హాకీ పోటీలో రెండు దేశాల యువ జట్లు ఆటకు ముందు అరచేతులు చరుచుకుని పలకరించుకున్నాయి. ఆట 3-3తో సమంగా ముగిసింది, ఆకాశం కూలలేదు. అదే అక్టోబరు మొదట్లో కొలంబోలో మహిళల ప్రపంచ కప్పులో భారత్, పాకిస్తాన్ జట్లు చేతులు కలపకుండానే ఆడాయి. నవంబరులో శ్రీలంకలోనే అంధ మహిళల టి20 ప్రపంచ కప్పులో, ఆంధ్రప్రదేశ్ అమ్మాయిలు కూడా ఉన్న భారత జట్టు పాకిస్తాన్ క్రీడాకారిణులతో చేతులు కలిపింది. జాతి గౌరవం ఆ అమ్మాయిలకు తక్కువా? వారి ఆట వెనుక ప్రసార హక్కుల బేరం లేదు, అంతే. కరచాలన నిషేధం వేల కోట్ల విపణి ఉన్నచోటనే ఇంత పట్టుదలగా అమలు కావడం గమనించవలసిన సంగతి.

దుబాయి మైదానంలో మరొకటి కూడా జరిగింది. తూటాల్లాంటి మాటలు విసురుకున్నప్పుడు ఏ జట్టుకూ దుబాసీ అవసరం పడలేదు. రావల్పిండి బౌలర్ తిట్టు పంజాబు బ్యాటరుకు సూటిగా తగిలింది, జవాబు అంతే సూటిగా వెళ్లింది. ప్రపంచంలో శత్రువులు చాలామంది ఉన్నారు. ఒకే నుడికారంలో తిట్టుకోగల శత్రువులు తక్కువ. తిట్టుకు పనికొచ్చిన ఆ భాష మంచి మాటకూ పనికొస్తుందని 2024 ఆగస్టులో హర్యానాలోని ఖండ్రా గ్రామం నుంచి ఒక తల్లి చూపించింది. పారిస్ ఒలింపిక్స్‌లో పాకిస్తాన్‌కు చెందిన అర్షద్ నదీం ఈటెను 92.97 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు. ఆమె కొడుకు నీరజ్ చోప్రా 89.45 మీటర్లతో రజతానికి పరిమితమయ్యాడు. విలేకరులు అడిగితే ఆమె, స్వర్ణం గెలిచినవాడూ తమ బిడ్డలాంటివాడేనని అంది. అర్షద్ తల్లి కూడా నీరజ్ గురించి అదే ధోరణిలో మాట్లాడింది. ఆ రెండు మాటలకూ అనువాదం అక్కర్లేకపోయింది. చదువుకున్న దౌత్యవేత్తలు సమావేశ మందిరాల్లో చేయలేని పని ఇద్దరు పల్లెటూరి ఆడవాళ్లు వాకిట్లో నిలబడి చేశారు.

ఆ మాటకు ఏడాది తిరగకుండానే శిక్ష పడింది. బెంగళూరులో తన పేరిట జరిగే పోటీకి రమ్మని నీరజ్ అర్షద్‌ను ఆహ్వానించాడు. ఆహ్వానం వెళ్లిన తరువాత పహల్గాం దాడి జరిగింది. సామాజిక మాధ్యమాల్లో తిట్ల వర్షం కురిసింది. ఆ తల్లినీ వదల్లేదు. నీరజ్ వివరణ రాసుకోవలసి వచ్చింది. భారత సైన్యంలో సుబేదార్ మేజర్‌గా పనిచేసి, ఆ ఏప్రిల్‌లోనే ప్రాదేశిక సేనలో గౌరవ లెఫ్టినెంట్ కర్నల్ హోదా పొందిన మనిషి, దేశం పట్ల తన విధేయతను ఫోన్ పట్టుకుని కూర్చున్న అనామకుల ముందు రుజువు చేసుకోవలసి వచ్చింది.

ఆ తల్లుల మాటకు వారధి అయిన భాషకూ ఇదే గతి పడుతోంది. పంజాబీ, హర్యాన్వీ, హిందీ, ఉర్దూ అని ఎన్ని పేర్లు పెట్టినా అది ఒకే జీవనది పాయల సముదాయం. అందులో ఉర్దూ అనే పాయను మాత్రం విదేశీ కాలువగా ముద్ర వేసే పని దశాబ్దాలుగా సాగుతోంది. క్రికెట్ విషయంలో నడిచే నీతే ఇక్కడా నడుస్తుంది: తీపి కావాలి, పలకరింపు వద్దు. సినిమా పాటలో ఉర్దూ కావాలి. ముషాయిరా వీడియోలు కావాలి. ఎన్నికల సభలో ముగింపు చరణంగా ఒక షేర్ కావాలి. పురపాలక కార్యాలయం బోర్డు మీద మాత్రం ఆ లిపి కనబడకూడదు.

ఇది ఊహ కాదు. మహారాష్ట్రలో అకోలా జిల్లా పాతూరు పురపాలక సంఘం భవనం మీద మరాఠీతో పాటు ఉర్దూలోనూ పేరు రాసి ఉంది. దానిని తొలగించాలని ఒక మాజీ కౌన్సిలర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 ఏప్రిల్ 15న న్యాయమూర్తులు సుధాంశు ధూలియా, కె. వినోద్ చంద్రన్ ఆ అభ్యర్థనను తోసిపుచ్చారు. భాష మతం కాదని, ఉర్దూ ఈ నేల మీద పుట్టిన భాషేనని ధర్మాసనం వివరంగా చెప్పింది. సరిగ్గా వారం తరువాత పహల్గాంలో తుపాకులు పేలాయి. ఆ పొగలో ఆ తీర్పు కనబడకుండా పోయింది. అంతకు రెండు నెలల ముందు, ఫిబ్రవరిలో, ఉత్తరప్రదేశ్ శాసనసభలో సభా కార్యకలాపాల అనువాదానికి అవధీ, భోజ్‌పురీ, బ్రజ్, బుందేలీ భాషలతో పాటు ఆంగ్లానికి చోటు ఇచ్చి ఉర్దూను వదిలేస్తే ప్రతిపక్షం ప్రశ్నించింది. ఉర్దూ నేర్పితే పిల్లలు మతఛాందసులవుతారన్న అర్థంలో ముఖ్యమంత్రి ఆదిత్యనాథ్ జవాబిచ్చారు. ఆయన పాలించే రాష్ట్రం ఈనాటికీ జిల్లాలుగా, తహసీళ్లుగా విడిపోయి ఉంది. అక్కడి భూముల లెక్క చూసే ఉద్యోగి పేరు కానూన్‌గో. ఫిరాఖ్ గోరఖ్‌పురీ అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన రఘుపతి సహాయ్ ఆ ముఖ్యమంత్రి సొంత గోరఖ్‌పూర్‌వాడే, ఉర్దూ కవిత్వానికి జ్ఞానపీఠం అందుకున్నవాడే.

అంకెలు చూస్తే ఈ ద్వేషం మరీ వింతగా తోస్తుంది. 2011 జనగణన ప్రకారం భారతదేశంలో ఉర్దూ మాతృభాషగా ఉన్నవారు 5.07 కోట్లు. 2001లో ఆ సంఖ్య 5.15 కోట్లు, జనాభా పెరిగిన దశాబ్దంలో భాష తగ్గింది. పాకిస్తాన్‌లో 2023 గణన ప్రకారం ఉర్దూను మాతృభాషగా చెప్పుకున్నవారు నూటికి పది మంది లోపే. అంటే ఈ భాష పుట్టినిల్లూ పెద్ద కాపురమూ ఇక్కడే. దీనిని పొరుగు దేశపు సొత్తుగా రాసిచ్చేవారు పాకిస్తాన్‌కు అయాచితంగా ఒక కానుక ఇస్తున్నారు. కశ్మీరు మీద అంగుళం వదలబోమనేవారు అయిదు కోట్ల మంది భాషను చేతులారా వదిలేయడానికి సిద్ధపడుతున్నారు.

భాషను మతానికి కట్టేయడం అసలు ఎవరి సిద్ధాంతం? 1948 మార్చి 21న ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో మహమ్మద్ అలీ జిన్నా పాకిస్తాన్‌కు ఉర్దూ ఒక్కటే రాజభాష అని ప్రకటించాడు. బెంగాలీ మాట్లాడే అధిక సంఖ్యాకుల ముందు ఆ మాట చెప్పాడు. ఒక మతం, ఒక దేశం, ఒక భాష అన్నది ఆయన లెక్క. 1952 ఫిబ్రవరి 21న ఆ లెక్కను ధిక్కరించిన విద్యార్థులను పోలీసులు కాల్చి చంపారు. 1971 డిసెంబరు 16న అదే రేస్‌కోర్స్ మైదానంలో పాకిస్తాన్ సేనాని నియాజీ భారత సేనాని జగ్జీత్ సింగ్ అరోరా సమక్షంలో లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. జిన్నా సిద్ధాంతం మొదలైన మైదానంలోనే ముగిసింది. ఉర్దూ ముస్లింల భాష అని ఇవాళ ఢిల్లీలో, లక్నోలో అరిచేవారు ఆ ఓడిపోయిన సిద్ధాంతాన్ని భుజాన వేసుకుని తిరుగుతున్నారు. జిన్నాను తిట్టనిదే పొద్దు గడవనివారు జిన్నా శిష్యరికం చేయడం కంటే విడ్డూరం ఉండదు.

ఆ జాడ్యం ఇప్పుడు తూర్పుకూ పాకింది. 2025 ఆగస్టు మొదట్లో ఢిల్లీ పోలీసుల లేఖ ఒకటి బయటపడింది. అక్రమ వలసదారులన్న అనుమానంతో పట్టుకున్నవారి పత్రాల అనువాదానికి మనిషిని కోరుతూ, ఆ పత్రాల భాషను బంగ్లాదేశీ భాష అని అందులో రాశారు. జాతీయ గీతం ఏ భాషాకవి రాశాడో ఆ భాషకు ఆ గీతం పాడుకునే దేశపు రాజధానిలో విదేశీ పేరు పెట్టారు. బెంగాల్ ముఖ్యమంత్రి మండిపడితే, ఆ పదాన్ని సమర్థించడానికి అధికార పక్షంలో పండితులు పుట్టుకొచ్చారు. అయిదు నెలలు తిరిగేసరికి ఆట వంతు వచ్చింది. బంగ్లాదేశ్‌లో హిందువుల మీద జరిగిన దాడులకు ఇక్కడ ఆగ్రహం పెల్లుబికింది. అది న్యాయమైన ఆగ్రహం. దాని ఫలితంగా 2026 జనవరిలో బోర్డు ఆదేశం మీద కోల్‌కతా ఐపీఎల్ జట్టు ముస్తాఫిజుర్ రెహ్మాన్ అనే బౌలర్‌ను వదిలేసింది. దాడులతో అతనికి ఏ సంబంధం ఉందో ఎవరూ చెప్పలేదు. వేలంలో కొన్నప్పుడు అతని పాస్‌పోర్టు రంగు అందరికీ తెలుసు. బంగ్లాదేశ్ ఏలికలూ తక్కువ తినలేదు. టి20 ప్రపంచ కప్పు ఆటలకు భారత్ రాబోమని భీష్మించి, చివరకు పోటీలో చోటే పోగొట్టుకున్నారు, స్కాట్లండు వచ్చి ఆడింది. ముందు భాషను పరాయిది చేశారు, తరువాత ఆటగాడిని. వరుస గుర్తుంచుకోదగినది.

తెలుగు నేల ఈ వ్యవహారాన్ని దూరం నుంచి చూసి తప్పుకోలేదు. ఉర్దూ గురించి తెలుగువారికి ఉన్న ఫిర్యాదు ఉత్తరాది రాజకీయుల ఫిర్యాదు కంటే నిజమైనది. నిజాం రాజ్యంలో అధిక సంఖ్యాకుల భాష అయిన తెలుగు చదువుకూ కొలువుకూ దూరమైంది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం పాఠాలన్నీ ఉర్దూలోనే చెప్పింది. ఆ అణచివేతకు ఎదురు తిరిగి జైలు పాలైన కవి దాశరథి కృష్ణమాచార్య. నిజామాబాదు కోటలో ఖైదీగా గోడల మీద పద్యాలు రాసిన దాశరథి 1961లో గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చాడు. నిజాం మీద ద్వేషాన్ని గాలిబ్ మీదికి మళ్లించాలని ఆయనకు తోచలేదు. మరోవైపు, 1947 సెప్టెంబరు 11న నిజాంకు వ్యతిరేకంగా సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో పాటు ఉన్న మూడో మనిషి ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్. ఏలినవాడి భాషలోనే ఏలినవాడిని ధిక్కరించాడు. ఏ భాషకూ తనకంటూ రాజ్యం లేదని ఆ ఇద్దరికీ తెలిసినంతగా ఈనాటి స్టూడియోల్లో గొంతు చించుకునేవారికి తెలియదు.

తెలుగులో రైతు, వకీలు, ఖైదు, జామీను, ఫిర్యాదు, దస్తావేజు, బందోబస్తు అనే మాటలు ఏ దారిన వచ్చాయో అందరికీ తెలిసిందే. మైదానం కూడా ఆ దారినే వచ్చింది. చలం నవలకు పేరైంది. ఉర్దూను వెలివేయాలంటే ఆట ఆడుకునే చోటుకు ముందు వేరే పేరు వెతకాలి.

అయినా తెలుగు రాష్ట్రాలు కూడా చెప్పుకోదగ్గ ఆదర్శమేమీ చూపడం లేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఉర్దూ రెండో అధికార భాష. చట్టాలు చేసిన రోజున దండలు పడ్డాయి. హైదరాబాదులో జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. కానీ ఆ ఊరిలో పుట్టి పెరిగి, జీవితమంతా ఉర్దూ కలిసిన మాట మాట్లాడుతూ, పక్క వీధిలో అచ్చయ్యే ఉర్దూ దినపత్రిక శీర్షిక చదవలేని తెలుగు విద్యావంతులు లక్షల్లో ఉన్నారు. పాత తరంలో ఊరి పట్వారీ కూడా చదివేవాడు. ఇప్పుడు పాకిస్తాన్ గురించి రాత్రి తొమ్మిది గంటలకు తెలుగు ఛానెళ్లలో తీర్పులు చెప్పే నిపుణులలో ఆ దేశపు పత్రికను దాని లిపిలో చదవగలవారు ఎందరు? శత్రువు అనుకున్నా సరే, శత్రువు ఏమి రాసుకుంటున్నాడో చదవడం రాకపోతే యుద్ధ తంత్రం ఎక్కడిది?

భాషాభ్యాసం అంటే ఇక్కడ రెండే అర్థాలు మిగిలాయి. ఒకటి వీసా. ఆంగ్లం, ఆ తరువాత నర్సుల కోసం జర్మన్. రెండు మార్కులు. ఇంటర్మీడియట్‌లో వేలాది తెలుగు పిల్లలు తెలుగును వదిలి సంస్కృతం తీసుకుంటారు. కాళిదాసు మీద భక్తితో కాదు, నూటికి తొంభై తొమ్మిది వస్తాయని. దేవనాగరి నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాయలేనివారికి కూడా ఆ మార్కులు వస్తాయి. 1968 నాటి త్రిభాషా సూత్రం హిందీ రాష్ట్రాల పిల్లలకు ఒక ఆధునిక భారతీయ భాష, వీలైతే దక్షిణాది భాష, నేర్పాలంది. వారు సంస్కృతంతో సరిపెట్టుకుని దక్షిణాదికి హిందీ నేర్చుకోమని సలహా పంపారు. దక్షిణాది దానికి అలగడం న్యాయం. కానీ అలిగిన తెలుగువాడు తమిళమో కన్నడమో ఒడియానో ఉర్దూనో నేర్చుకున్నాడా అంటే అదీ లేదు. పొరుగింటి మాట మీద కుతూహలమే చచ్చిపోయింది. ఆ కుతూహలం లేనివాడికి పొరుగువాడు టీవీ తెర మీద స్కోరుగానో, నీలి రంగుకు ఎదురు నిలిచిన ఆకుపచ్చ రంగుగానో తప్ప కనబడడు.

ఉర్దూ లిపి నేర్చుకోవడానికి శ్రద్ధ ఉన్నవారికి కొద్ది వారాలు చాలు. మాట సగం వచ్చినట్టే కనుక హైదరాబాదులో ఆ పని ఇంకా తేలిక. ఆరో తరగతి నుంచి ఇష్టమైనవారికి ఉర్దూ, ఉర్దూ బడుల్లో పిల్లలందరికీ నాణ్యమైన తెలుగు నేర్పే ఏర్పాటు చేయడానికి రెండు తెలుగు ప్రభుత్వాలకూ పార్లమెంటు అనుమతి అక్కర్లేదు. కావలసింది పంతుళ్ల నియామకం. ఖాళీలు నింపరు, భాషా దినోత్సవాలు జరుపుతారు.

క్రికెట్ విషయంలోనూ అడగవలసింది ఒక్కటే, అది లెక్క. పహల్గాం మృతుల పేరు చెప్పి ఆడిన మూడు ఆటల మీద బోర్డుకు ఎంత వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది, ఆ కుటుంబాలకు అందులో ఎంత వెళ్లింది? 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం క్రికెట్ బోర్డును తన పరిధిలోకి తెచ్చింది. అయితే సమాచార హక్కు చట్టం కిందికి ప్రభుత్వ నిధులు తీసుకునే సంఘాలే వస్తాయని అదే బిల్లులో సవరణ పెట్టారు. బోర్డు ప్రభుత్వ నిధులు తీసుకోదు. జెర్సీ మీద దేశం పేరు ఉంటుంది, నెత్తిన జాతీయ గీతం ఉంటుంది, చేయి కలపాలా వద్దా అన్నది దేశ గౌరవ సమస్య అవుతుంది; పైసా ఎక్కడికి పోయిందని అడిగితే మాత్రం అది తమిళనాడు సంఘాల చట్టం కింద నమోదైన ఒక ప్రైవేటు సంస్థ. ఆ సవరణను వెనక్కి తీసుకోవాలని పార్లమెంటులో అడిగే సభ్యుడు ఏ పక్షంలో ఉన్నాడో ఇంకా చూడవలసే ఉంది. ఎందుకంటే రాష్ట్ర క్రికెట్ సంఘాల కుర్చీల్లో అన్ని పక్షాలవారూ కూర్చున్నారు, అక్కడ మాత్రం ఒకరి చేయి ఒకరు ఎప్పుడూ వదల్లేదు.